సూదికి ముందు చెంచాడు పెరుగు

పోయిన వారం లైబ్రరీ మెట్ల మీద కూర్చుని ఫోన్ చూసుకుంటుంటే ఫస్టియర్ అమ్మాయి ఒకతి వచ్చి పక్కన నిలబడింది. "అక్కా, మీకు కడుపులకు సూది పెట్టి టెస్ట్ చేసిన్రంట కదా. నొప్పి అయితదా?" అని అడిగింది. వాళ్ల అన్నకు చేయాలట. "ఏం కాదు, మత్తు ఇస్తరు, తెల్వనే తెల్వది" అని చెప్పి పంపించేశాను. ఆ పిల్ల రెండు మెట్లు దిగి మళ్లీ వెనక్కి చూసింది. అడగాలనుకున్నది ఇంకా అడగలేదని అర్థమైంది. నేనూ పిలవలేదు. ఆ సంగతి ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో నాకే తెలియదు. అందుకే రాస్తున్నాను. వరసగా రాస్తే నాకైనా అర్థమవుతుందేమో చూడాలి.

జులై, ఆగస్టు

అప్పుడు నాకు ఇరవై ఒకటి. ఎమ్మే రెండో సంవత్సరం. మా ఇల్లు అంబర్‌పేట్‌లోనే అయినా వారంలో సగం రోజులు క్యాంపస్ హాస్టల్‌లో లావణ్య గదిలోనే ఉండేదాన్ని. మా దగ్గర దాన్ని నాన్-బోర్డర్ అంటారు. అంటే రికార్డుల్లో లేని మనిషి. ఒక మంచం మీద ఇద్దరం, ఒక ప్లేటులో ఇద్దరం.

అన్నం తిన్న అరగంటకు ఎడమ పక్క, పక్కటెముకల కింద నొప్పి మొదలయ్యేది. వెన్నులోకి పాకేది. దానికి తలా ఒక పేరు పెట్టారు. లావణ్య మెస్ పప్పు అంది. అమ్మ బయట తిండి అంది. డాడీ కాచిగూడలో హార్డ్‌వేర్ షాపులో పనిచేస్తాడు, ఇంటికొచ్చాక పెద్దగా మాట్లాడడు. ఆయన కూడా నోరు తెరిచి, "పొద్దంత బోర్ల పండుకోని ఫోన్ చూస్తే కడుపు నొయ్యకపోతే ఏమైతది" అన్నాడు. నేను గ్యాస్ అనుకున్నాను. ఏ మెడికల్ షాపు ముందు నిలబడి గ్యాస్ అన్నా ఏదో ఒక గోళీ ఇస్తారు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం తార్నాక చౌరస్తాలో బస్సు దిగగానే వాంతి అయింది. అందరి ముందు, ఫుట్‌పాత్ మీద. లావణ్య నా చున్నీతోనే నా మూతి తుడిచి, "ఇంక నీ మాట వినే పని లేదు, నడువ్" అని పక్క సందులో ఉన్న స్కానింగ్ సెంటర్‌కు లాక్కుపోయింది.

స్కాన్ చేసే ఆవిడ మొదట ఊరు, కాలేజీ అన్నీ అడిగింది. ఉన్నట్టుండి ఆపేసింది. ఆ మెషీన్‌ను ఒకే చోట పెట్టి నొక్కుతూ ఉండిపోయింది. తర్వాత ఇంకొకాయనను పిలిచింది. ఆయనా అక్కడే నొక్కాడు.

"నీతో ఎవరొచ్చారమ్మా?"

"ఎందుకు? నాతో చెప్పరాదా? కడుపు నాది కదా."

"పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే పిలువు."

లావణ్య లోపలికి వచ్చింది. నాకంటే మూడు నెలలు పెద్దది. ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూసి, పెద్ద స్కాన్ తీయించుకోమని చీటీ రాశాడు.

పెద్ద స్కాన్ రిపోర్టులో తేలింది ఏమిటంటే, క్లోమం తోక దగ్గర నిమ్మకాయంత గడ్డ ఉంది. క్లోమం అంటే ప్యాంక్రియాస్ అని ఆ రోజే నేర్చుకున్నాను. అమ్మకు అయితే అలాంటిది ఒకటి ఒంట్లో ఉంటుందనే తెలియదు. "గుండె ఎరుక, కార్జం ఎరుక, ఇదేందే మధ్యల" అంది. రిపోర్టు నిండా కావచ్చు, కాకపోవచ్చు, పోల్చి చూసుకోవలెను. ఒక్క వాక్యం కూడా నిలబడి మాట్లాడలేదు. నేను హాస్టల్ టెర్రస్ ఎక్కి ఆ మాటలన్నీ ఫోన్‌లో కొట్టాను. మనిషి ఇంకెన్నాళ్లు బతుకుతాడో ఫోన్ నాకు నెలల్లో లెక్క చెప్పింది. ఎవరి గురించి చెబుతోందో, ఆ మనుషుల వయసెంతో చూడలేదు. స్క్రీన్ ఆపేసి కిందికొచ్చి లావణ్యతో చార్జర్ గురించి గొడవ పెట్టుకున్నాను.

సెప్టెంబరు

మొదట చూపించిన సర్జన్, ముందు కోసి తీసేద్దాం, తర్వాత చూద్దాం అన్నాడు. రెండో డాక్టర్ వద్దన్నారు. ఆయన మాట కోస్తా వైపుది, నెమ్మదిగా ఉండేది.

"ఈ వయసులో ఇది అందరికీ వచ్చే రకం కాకపోవచ్చమ్మా. అరుదైన రకాలు కొన్ని ఉన్నాయి. ఒకదానికి ఆపరేషన్ కావాలి. ఇంకోదానికి మందులు చాలు. స్కాన్‌లో చూస్తే అన్నీ అన్నదమ్ముల్లా ఉంటాయి. సూదితో కాస్త తీసి చూస్తేగానీ ఏదో చెప్పలేం."

నోట్లోంచి సన్నటి గొట్టం పంపుతారట. దాని కొసన స్కాన్ ఉంటుందట. కడుపు గోడలోంచి సూదిని గడ్డలోకి దించి చిటికెడు పదార్థం తీసుకుంటారట. అమ్మ అంతా విని ఒకే ప్రశ్న అడిగింది.

"కదిలిస్తే పాకదా సార్?"

"అలాంటిదేం లేదమ్మా" అన్నారు ఆయన, కంప్యూటర్‌లో తేదీ వెతుకుతూ. అప్పటికే తర్వాతి పేషెంట్ తలుపు తోస్తున్నాడు. గురువారం పొద్దున ఎనిమిదింటికి అన్నారు.

మా ఇంట్లో ఎవరైనా ముఖ్యమైన పని మీద గడప దాటుతుంటే అమ్మ పెరుగులో చక్కెర కలిపి ఒక చెంచా నోట్లో పెడుతుంది. పదో తరగతి పరీక్షలకు పెట్టింది, ఎంట్రన్స్‌కు పెట్టింది, డాడీ షాపు మారిన రోజు ఆయనకూ పెట్టింది. ఆ గురువారం పొద్దున డాడీ అప్పటికే కింద ఆటోలో కూర్చున్నాడు. నేను ఒక చేత్తో ఫోన్ చూసుకుంటూ రెండో చేత్తో చెప్పులు వెతుక్కుంటున్నాను. అమ్మ స్టీలు గిన్నె పట్టుకుని ఎదురొచ్చింది. చెంచా మూతి దగ్గరికొచ్చింది. నోరు తెరిచాను.

ఆసుపత్రిలో గౌను తొడిగించారు. చేతికి సూది గుచ్చి ప్లాస్టర్ వేశారు. సిస్టర్ కాగితం చూస్తూ అడిగింది.

"ఏమన్న తిన్నవా పొద్దుగాల?"

"లేదు."

కర్టెన్ పక్కనుంచి అమ్మ గొంతు వచ్చింది. "జరంత పెరుగు తిన్నది సిస్టర్. ఒక్క చెంచ."

సిస్టర్ పెన్ను ఆపింది. "నీళ్లు గూడ వద్దని చెప్పినం కదమ్మా."

మత్తు డాక్టర్ వచ్చి అమ్మను అడిగాడు, నన్ను అడిగాడు, చెయ్యనన్నాడు. మత్తులో ఉన్నప్పుడు కడుపులోది ఊపిరితిత్తుల్లోకి వస్తే ప్రమాదమట. గొట్టం వేసేది ఆ రెండో డాక్టరే, ఆయన గురువారాలే అది చేస్తారు, పన్నెండుకు వెళ్లిపోతారు. వచ్చే గురువారం రమ్మన్నారు.

కారిడార్‌లో అమ్మను ఎన్ని మాటలు అన్నానో ఇక్కడ రాయలేను. "నీకు బుద్ధున్నదా, నన్ను చంపుదామనుకున్నవా" అన్నది మాత్రం రాస్తాను, ఎందుకంటే ఆ మాట తర్వాత నన్ను చాలా రోజులు సతాయించింది. కుర్చీల్లో ఉన్నవాళ్లంతా టీవీ వదిలేసి మమ్మల్ని చూశారు. నేల తుడిచే ఒకామె మాపు గోడకు ఆనించి వచ్చి నా భుజం మీద చెయ్యేసింది. "అమ్మనట్ల అంటరా బిడ్డ. కింద ఇడ్లీలున్నయి, తినిపో. ఉపాసం ఉంటే కోపమొస్తది" అంది. మాట అంటే నాలుగు తిరిగి అనే అమ్మ ఆ రోజు ఒక్కటీ అనలేదు. డాడీ మా ఇద్దరి మధ్య నుంచి సంచి తీసుకుని ముందు నడిచాడు.

మళ్లీ గురువారం లోపల

శనివారం సాయంత్రం హాస్టల్‌లో ఉండగా ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. తేదీ ఖాయం చేసుకోవడానికి. పోయినసారి సరిగ్గా చెప్పి ఉంటే ఈ పరిస్థితి వచ్చేది కాదని ఆమె మీద ఎగిరాను.

"చెప్పినం మేడం. బుధవారం కాల్ చేసినం. మీ మదర్ మాట్లాడిన్రు."

"మా అమ్మ నా ఫోన్ ఎత్తదు. అబద్ధాలు చెప్పకండి."

నిరూపించే ఏర్పాటు నా దగ్గర ఉంది. ఒక సెమినార్ విషయంలో క్లాస్‌మేట్ ఒకడు మాట మార్చాడని, ఆ రోజు నుంచి నా ఫోన్‌లో ప్రతి కాల్ రికార్డయ్యేలా పెట్టుకున్నాను. అలాంటి కాల్ రాలేదని తేల్చేద్దామని వెతికితే బుధవారం సాయంత్రం కాల్ నిజంగానే ఉంది. అప్పుడు నేను స్నానానికి వెళ్లాను. ఫోన్ వంటింట్లో చార్జింగ్‌లో ఉంది.

"రాత్రి పదింటి నుంచి ఏం తినొద్దమ్మా. నీళ్లు గూడ వద్దు."

"ఒకవేళ మర్చిపోయి ఏమన్న తింటే?" అది అమ్మ.

"తినొద్దమ్మా."

"అంటే, తింటే ఏంజేస్తరు?"

"చెయ్యరు. వాపస్ పంపిస్తరు."

"జరంత తిన్నా? చెంచాడు పెరుగు తిన్నా గూడనా?"

"చెంచాడైనా అంతే అమ్మా. డేట్ మారుస్తరు."

తర్వాత కుక్కర్ విజిల్ ఒకటి వినబడింది. "మంచిది బిడ్డ, సల్లగుండు" అని అమ్మ పెట్టేసింది.

మూడుసార్లు విన్నాను. పక్కన బట్టలు మడుస్తున్న లావణ్య కూడా వింది. "ఆంటీ మామూల్ది కాదే" అంది మొదట. చేతిలోది మడిచి పెట్టి, "మస్తు భయపడ్డట్టున్నది" అంది. రెండూ నిజమే అనిపించి దేని మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు.

ఆదివారం ఇంటికి వెళ్లాను. దారంతా బస్సులో మాటలు తయారు చేసుకున్నాను. అమ్మ వంటింట్లో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఫోన్ పళ్లెం పక్కన పెట్టి రికార్డింగ్ పెట్టాను. అమ్మ తల ఎత్తలేదు. కాయ తర్వాత కాయ తీస్తూనే మొత్తం వింది.

"నా గొంతు గిట్లుంటదా" అంది చివరికి.

"అమ్మా."

"ఆ, నేనే. ఎరుకుండే చేసిన. మీ డాడీకి జెప్పకు."

"ఎందుకు చేసినవ్?"

"మీ యాదగిరి మామకు మెడ మీద గడ్డ ఉండె. నువ్వు చిన్నపిల్లవు అప్పుడు. రెండేండ్లు ఉండె, దాని మానాన అది ఉండె. పట్నంల సూది పెట్టి చూసిన్రు. మనిషి మూడు నెలలు గూడ ఆగలే. ఆ సూది పెట్టియ్యనీకి తోలుకొచ్చింది నేనే." ఆమె ఒక కాయను రెండుగా తుంచి మళ్లీ చూసి పారేసింది. "తమ్మున్ని తోలుకపోయిన. ఇప్పుడు నిన్ను తోలుకపోవాల్నా?"

"సూదితోటి కాదు అమ్మా అది."

"నీ ఫోన్ జెప్పిందా?"

నా ఫోన్ నాకూ నెలల లెక్కే చెప్పింది. సూదితో పాకదని ఒక చోట, వెయ్యిలో ఒకరికి పాకవచ్చని ఇంకో చోట చదివాను. నేనూ నమ్మింది నాకు భయమేసినదాన్నే.

"ఇగో శ్రావణీ" అంది అమ్మ. "నేనేం నిన్ను గుంజి పట్టుకోని తినిపియ్యలే. చెంచ ముందటికి తెచ్చిన. నోరు తెరిచింది నువ్వు. నీకు తెల్వదా తినొద్దని?"

తెలుసు. ఆసుపత్రి మెసేజ్ నా ఫోన్‌లో ఉంది. ముందు రోజు నాలుగుసార్లు చదివాను. మరి ఎందుకు తెరిచానంటే అలవాటు అని చెప్పవచ్చు. చిన్నప్పటి నుంచి ఆ చెంచా వస్తే తెరవడమే. కానీ వాపస్ పంపించిన రోజు ఆటోలో, అమ్మ మీద ఆ కోపమంతా చల్లారక ముందే, ఇంకోటి కూడా ఉండింది. ఇంకో వారం ఏమీ తెలియకుండా ఉండవచ్చని ఒళ్లంతా తేలికైంది. ఇది ఇప్పటివరకు లావణ్యకు కూడా చెప్పలేదు. ఆ చెంచా ముందు నోరు తెరిచినప్పుడు ఆ తేలికదనం నాకు ముందే తెలుసా, లేదా? ఎన్నిసార్లు ఆలోచించినా ఒక్కోసారి ఒక్కోటి తోస్తుంది.

పళ్లెంలో సగం కాయలు నేను తీసుకున్నాను. కాసేపు ఇద్దరం ఈనెలు తీశాం.

"మరి గురువారం?" అన్నాను.

"నువ్వు జెప్పు."

"తెలుసుకోవాలని ఉన్నదో లేదో నాకే తెల్వదు. గని గిట్ల ఉండలేను."

"అయితే ఆ డాక్టర్‌ను నేనొక మాట అడుగుత. కంప్యూటర్ చూస్కుంట చెప్పుడు కాదు."

రెండో గురువారం

ఆ రోజు గడప దగ్గర గిన్నె లేదు. అమ్మ కూడా చాయ్ తాగలేదు.

గౌను వేసుకున్నాక స్ట్రెచర్ ఎక్కనన్నాను. "మా అమ్మ డాక్టర్‌గారిని ఒకటి అడగాలె. అప్పటిదాకా రాను." సిస్టర్ లిస్టు పెద్దగా ఉందంది. వార్డ్‌బాయ్ గడియారం చూపించాడు. నా కోపం జీవితంలో ఒక్కసారి అక్కరకొచ్చింది. అక్కడే స్టూల్ మీద కూర్చుని కదలలేదు.

డాక్టర్ టోపీతోనే బయటికొచ్చారు. అమ్మ నిలబడి తమ్ముడి సంగతి చెప్పింది. ఆయన ఈసారి ఆమె ముఖం చూస్తూ చివరిదాకా విన్నారు.

"సూది పెట్టేనాటికి మనిషి సన్నబడ్డాడా అమ్మా?"

"సన్నబడ్డడు సార్. బువ్వ సయించకపోతుండె."

"అయితే అది అప్పటికే పాకి ఉండవచ్చు. ఆయన్ని నేను చూడలేదు, ఖచ్చితంగా చెప్పలేను. సూదితో అసలు ప్రమాదమే లేదని కూడా చెప్పను. చాలా తక్కువ. అదేంటో తెలియకుండా ఈ పిల్ల కడుపు కోయడంలో అంతకంటే ఎక్కువ ఉంది. నా కూతురైనా ఇదే చేయిస్తాను."

అమ్మ కాసేపు ఆయన ముఖమే చూసింది. "పూరా సమజ్ గాలే సార్. గని మొహం చూసి చెప్పిన్రు. కానియ్యిండ్రి."

లోపలికి తీసుకుపోయే ముందు ఫోన్ అమ్మకిచ్చాను. అది నా చేతిలోంచి పోవడం అన్నిటికంటే కష్టంగా ఉంది.

"పాస్‌వర్డ్ చెప్పనా?"

"నాకెందుకు తల్లీ. ఎత్తితే రికార్డయితది."

నవ్వొచ్చింది, ఆ నవ్వుతోనే లోపలికి పోయాను. గొంతులో చేదు మందు కొట్టారు, ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టారు, పళ్ల మధ్య ప్లాస్టిక్ రింగు పెట్టారు. అంతే గుర్తు. లేచేసరికి గొంతు మంట, కడుపులో కొంచెం బరువు. పక్కన అమ్మ నా ఫోన్‌ను రెండు చేతుల మధ్య పెట్టుకుని కూర్చుంది, పిట్టను పట్టుకున్నట్టు.

అక్టోబరు, నవంబరు

రిపోర్టుకు పదకొండు రోజులు పట్టింది. ఏవో రంగులేసి మళ్లీ మళ్లీ చూడాలట. క్యాంపస్‌లో అమ్మాయిలు బతుకమ్మ ఆడుతుంటే నేను గట్టు మీద కూర్చుని ఆసుపత్రి యాప్‌ను కిందికి లాగి వదులుతూ ఉన్నాను. తిరిగే సున్నా ఒకటి కనబడి పోయేది. లావణ్య వచ్చి ఫోన్ లాక్కుని నన్ను వరసలో నిలబెట్టింది. చప్పట్ల దగ్గర తప్పుతూనే ఉన్నాను.

తేలిందేమిటంటే, అది చాలా అరుదుగా, ఎక్కువగా నా వయసు ఆడపిల్లలకు వచ్చే రకం. నెమ్మదిగా పెరుగుతుంది. తీసేస్తే చాలామందిలో మళ్లీ రాదు. మందులు కాదు, ఆపరేషనే.

"అంటే క్యాన్సరా, కాదా సార్?" డాడీ అడిగాడు.

"ఆ వంశమేనండి. కానీ దూరపు చుట్టం. వచ్చి మూల కూర్చుంటుంది, అంత తొందరగా గొడవ చేయదు."

ఆటోలో డాడీ మూడుసార్లు అడిగాడు, అవునా కాదా అని. మూడుసార్లూ ఆ చుట్టం సంగతే చెప్పాను. నాలుగోసారి అడగలేదు, నా తల మీద చెయ్యి పెట్టి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఆపరేషన్ నవంబరులో జరిగింది. క్లోమం తోకతో పాటు దాన్ని ఆనుకుని ఉండే ప్లీహం కూడా తీసేశారు. అది పోయాక కొన్ని టీకాలు వేయించుకోవాలట, జ్వరమొస్తే ఆలస్యం చేయకూడదట. పది రోజులు ఆసుపత్రిలో, నెలన్నర అంబర్‌పేట్‌లో మంచం మీద. దగ్గితే పొట్ట మీద దిండు ఒత్తుకునేదాన్ని. లావణ్య వారానికి రెండుసార్లు నోట్సు తెచ్చేది, తన అక్షరాలు తనకే అర్థం కాక నాతో చదివించుకునేది.

ఇప్పుడు

ఎవరైనా నీకు వచ్చింది క్యాన్సరా అని అడిగితే ఇప్పటికీ తడబడతాను. అవునంటే అబద్ధం చెప్పినట్టుంటుంది, కాదంటే అంతకంటే పెద్ద అబద్ధం. ఆ రికార్డింగ్ తుడిచేయలేదు. ఎందుకు ఉంచుకున్నానో తెలియదు. అప్పుడప్పుడు చివరి ముక్క మాత్రం వింటాను, కుక్కర్ విజిల్ నుంచి.

ఆ ఫస్టియర్ పిల్లను నిన్న వెతికి పట్టుకున్నాను. "తెలుసుకుంటే మంచిదా, తెల్వకుంటే మంచిదా అని కదా అడుగుదామనుకున్నవ్" అన్నాను. తల ఊపింది. నాకూ తెలియదని చెప్పాను. నేను మాత్రం తెలుసుకున్నాను, కాబట్టి ఇక్కడ నిలబడి మాట్లాడుతున్నాను, అంతవరకే తెలుసని చెప్పాను. "మీ ఇంట్ల ఎవరో ఒకరు భయపడి ఊకుంటరు. వాళ్లనే డాక్టర్ ముందు నిలబెట్టి అడిగిపియ్యి. ఎంత లిస్టున్నా కదలకు" అన్నాను. వాళ్లింట్లో అలా ఊరుకున్నది వాళ్ల నాన్నట.

ఇదంతా స్కాన్ సెంటర్ బెంచీ మీద కూర్చుని ఫోన్‌లోనే టైప్ చేస్తున్నాను. ఇది రెండో చెకప్ స్కాన్. దీనికీ ఏమీ తినకుండా రావాలి. నా ముందు ఇంకా నలుగురున్నారు. అమ్మ పక్కనే సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

పొద్దున గడప దగ్గర అమ్మ స్టీలు డబ్బా పట్టుకుని నిలబడింది. పెరుగు మీద చక్కెర ఇంకా కరగలేదు. నేను చెప్పులేసుకుంటూ, ఫోన్ చూస్తూ, అలవాటు కొద్దీ నోరు తెరిచాను.

"మూస్కో" అంది అమ్మ, డబ్బాకు మూత బిగిస్తూ. "అయినంక."